కంప్యూటర్ శీర్షిక: రేవు చిన్నది, ఓడలు పెక్కు

ప్రధాన భూభాగం నుండి సముద్రం దాటి వచ్చిన ఓడ, హాడో రేవు ఎదుట లంగరు వేసి బెర్తు ఖాళీ కోసం వేచి ఉండటం ద్వీపవాసులైన మన పాఠకులకు కొత్త విషయం కాదు. ఓడ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అందులో బియ్యం, ఉల్లిపాయలు ఉన్నవని కూడా తెలుసు. అయినా బెర్తుకు చేరే వరకు ఒక్క బస్తా దింపటానికి వీలు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు హృదయమైన కెర్నెల్ కూడా చాలా కాలం ఇట్టి చిక్కునే ఎదుర్కొన్నది. ఆ చిక్కును విప్పిన తీరే ఈ మారు మన విషయం.

ప్రాసెసర్ మెమరీలోని దేనినైనా తాకవలెనంటే దానికి ఒక చిరునామా ఉండాలి. 32 బిట్ యంత్రంలో మొత్తం చిరునామాలు 4 గిగాబైట్లకు మాత్రమే సరిపోతాయి. ఇంటెల్ యంత్రాలపై లైనక్స్ వానిలో మూడు వంతులు ప్రోగ్రాములకు ఇచ్చి, ఒక వంతు కెర్నెల్‌కు ఉంచుకునే పద్ధతి సాధారణం. ఆ ఒక గిగాబైటులో 896 మెగాబైట్ల మేర అసలు మెమరీని శాశ్వతంగా జోడించి, మిగిలిన 128 మెగాబైట్ల చోటును ఇతర అవసరాలకు అట్టిపెట్టుకునేది. మెమరీ ఖరీదుగా ఉన్న రోజులలో ఇది ధారాళమే. తరువాత యంత్రంలో 2, 4 గిగాబైట్లు, భౌతిక చిరునామాను విస్తరించే సదుపాయంతో 64 గిగాబైట్ల వరకు కూడా మెమరీ అమర్చటం సాధ్యమైనది. మెమరీ ఉన్నది, డబ్బు పెట్టి కొన్నదే; కానీ కెర్నెల్ దానిని తాకటానికి చిరునామా లేదు. ఇట్టి మెమరీకి 'హై మెమరీ' అని పేరు.

1999 ప్రాంతంలో లైనక్స్ నిర్మాతలు దీనికి కనుగొన్న ఉపాయం తాత్కాలిక మ్యాపింగ్. కావలసిన పుటను కొద్ది సేపు ఒక చిరునామాకు జోడించి, పని ముగియగానే విడదీయటం. 'కేమ్యాప్' అనే ఫంక్షన్ అందుకు ఏర్పడినది. దాని వద్ద ఉన్న బెర్తులు 1024 మాత్రమే; విస్తరించిన చిరునామాల పద్ధతిలో 512. ఖాళీ లేకుంటే అడిగినవాడు నిద్రించి వేచి ఉండాలి.

ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది. ఒక పుట నుండి మరొక పుటకు సమాచారం నకలు చేయవలెనంటే రెండు బెర్తులు కావాలి. అనేక పనులు ఒక్కొక్క బెర్తు పట్టుకుని రెండవదాని కోసం నిలబడినవనుకుందాం. ఎవ్వరూ తమది వదలరు, ఎవ్వరికీ రెండవది దొరకదు, యంత్రం స్తంభించిపోతుంది. పైగా వదిలిన బెర్తులను తిరిగి వాడే ముందు ప్రాసెసర్లన్నీ తమ వద్ద దాచుకున్న పాత జోడింపులను చెరిపివేయాలి. ప్రాసెసర్లు పెరిగిన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది.

అందుచేత 'కేమ్యాప్ అటామిక్' అనే మరొకటి ప్రవేశించినది. ప్రతి ప్రాసెసర్‌కు సొంతంగా కొన్ని బెర్తులు ఉంటాయి కనుక వేచి ఉండవలసిన పని లేదు. షరతు మాత్రం కఠినమైనది: మ్యాపింగ్ ఉన్నంత సేపు ఆ పని నిద్రించరాదు, దానిని పక్కకు తప్పించి మరొక పనికి ప్రాసెసర్‌ను ఇవ్వరాదు. 2010 వరకు ఏ బెర్తు కావలెనో ప్రోగ్రామరే పేరు పెట్టి చెప్పవలసి ఉండేది. ఇద్దరు పొరపాటున ఒకే పేరు చెప్పినచో ఒకరి పుట స్థానంలో వేరొకరి పుట వచ్చి కూర్చునేది. వ్రాసినది మరొకరి సమాచారం మీద పడేది. ఆ పేర్లను తీసివేసి, గిన్నెల దొంతర వలె చివర పెట్టినది ముందు తీసే క్రమం ప్రవేశపెట్టటం ఎంతో మేలైన మార్పు అని నా అభిప్రాయం. మనిషి జాగ్రత్త మీద ఆధారపడే నియమం కన్న, తప్పుకు తావులేని ఏర్పాటు నయం కదా!

ఇంతలో 64 బిట్ ప్రాసెసర్లు వచ్చినవి. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమై, ఉపగ్రహాల మీద ఆధారపడిన మన ద్వీపాల ఇరుకు తీరినట్లు, చిరునామాల కరువు తీరినది. మెమరీ యావత్తూ శాశ్వతంగా జోడించవచ్చును. అయినా కేమ్యాప్ అటామిక్ షరతు మాత్రం ఆ కొత్త యంత్రాల మీద కూడా అమలవుతూనే ఉన్నది. కొద్దిపాటి పాత యంత్రాల అవసరానికి అందరూ పన్ను కట్టినట్లయినది.

థామస్ గ్లైక్స్‌నర్ 2020లో సరిగా ఈ అంశాన్నే పట్టుకున్నారు. ఆయన రూపొందించిన 'కేమ్యాప్ లోకల్ పేజ్' 2021 ఫిబ్రవరిలో విడుదలైన 5.11 కెర్నెల్‌లో చేరినది. ఇందులో మ్యాపింగ్ పొందిన పనిని మధ్యలో ఆపి మరొక పని చేయించవచ్చును. ఆపునపుడు కెర్నెలే దాని తాత్కాలిక జోడింపులను తొలగించి, తిరిగి దాని వంతు వచ్చినపుడు అదే చిరునామాలో అమర్చుతుంది. ఈ శ్రమ హై మెమరీ ఉన్న యంత్రాలకే పరిమితం. 64 బిట్ యంత్రంలో సాధారణంగా అది చిరునామా లెక్కగట్టి ఇవ్వటమే. దొంతర క్రమం మాత్రం తప్పనిసరి. ఆ చిరునామా పొందిన పనికి మాత్రమే చెల్లుతుంది, వేరొక పనికి అందించరాదు. బెర్తు చీటీ ఒక ఓడ పేరిట ఇచ్చినది, మరొక ఓడకు చెల్లదు కదా.

కొత్త కోడ్‌లో పాత రెండు ఫంక్షన్లను వాడవద్దని కెర్నెల్ పత్రాలే చెబుతున్నవి. ఉన్నచోట్ల మార్చటం ఓపికతో కూడిన పని. ఇంటెల్‌కు చెందిన ఐరా వైనీ మొదలైనవారు ఒక్కొక్క ఫైల్ సిస్టమ్, ఒక్కొక్క డ్రైవర్ తీసుకుని, పొందిన చిరునామా మరొక పనికి చేరుతున్నదా అని పరిశీలించి మార్చుతూ వచ్చారు. యాంత్రికంగా పేరు మార్చివేసినచో 64 బిట్ యంత్రంలో ఏ లోపమూ కనిపించదు, పరీక్షలన్నీ సజావుగా సాగుతాయి. ఎక్కడో ఒక 32 బిట్ ఏఆర్‌ఎం యంత్రంలో మాత్రం సమాచారం చెడుతుంది. అందుచేతనే ఈ మార్పు ఇన్ని సంవత్సరాలు పట్టినది. హై మెమరీ ఏర్పాటునే పూర్తిగా విరమించే విషయం కూడా చర్చకు వచ్చినది. అది జరిగిన నాడు కేమ్యాప్ లోకల్ పేజ్‌ను పిలిచే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చవలసిన పని ఉండదు.