రెండు గిటారులు, ఒక పిల్ల పాట

మాటలు తీసివేసిన పాటలో ఆడుపిల్ల గోడు మిగులునా? మాసిడోనియా జానపదగీతములను రెండు గిటారులపై వినినపుడు మాకు గలిగిన సందేహ మిది.

వాదకులు వ్లాట్కో స్టెఫానోవ్స్కి, మిరోస్లావ్ తాదిచ్. 1903వ సంవత్సరపు తిరుగుబాటుకు పేరొందిన కొండపట్టణము క్రూషెవో. ఆ పేరిటనే 1998లో వీరి సంగీతసంపుటము వెలువడినది. వీరు వాయించు పాటలలో ‘యోవానో యోవాంకే’ మాకు మిక్కిలి ప్రియము. వార్దారు నదియొడ్డున యోవాన తెల్లని నారబట్టలు చలువ చేయుచుండును. ప్రియుడు రమ్మనును, తల్లి పోనీయదు. (తల్లులకు దేశభేదము లేదు కాబోలు!) పలుకులన్నియు ప్రియునివే. పిల్ల పెదవి విప్పదు.

నడక యేడుమాత్రలు: మూడు, రెండు, రెండు. మిశ్రచాపు నెరిగినవారికి చేయి తనంతట కదలును. వడివడిగా స్వరములు కురిపించు పట్టులు మాకంతగా రుచింపవు. కాని ఒకరి గిటారుకు ఉక్కుతీగెలు, రెండవవారి దానికి నైలాను తీగెలు. ఒకటి ఖంగున పిలువగా, వేరొకటి మెత్తగా బదులిచ్చుచున్నట్లుండును. మాట తొలగినందున పిల్లకు గొంతు దొరకినదని మాకు తోచినది. వచ్చెదననెనో, అమ్మ కోపించుననెనో, వినువారి యూహకు వదలినారు.