బుల్లి కొట్టు కొంటున్నారా?

ఈ మధ్య తల్లులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇటుక ముక్కలు ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టే ప్లాస్టిక్ సెట్లలో బుల్లి దుకాణాలు వస్తున్నాయి. కాఫీ హోటలు, పళ్ల కొట్టు, బేకరీ, పూల అంగడి, పుస్తకాల షాపు. కట్టిన తర్వాత ఒక్కోటి అరచేతిలో ఇమిడిపోతుంది. పేరున్న కంపెనీ సెట్టు వేలల్లో ఉంటే, అలాంటిదే మరో పేరుతో కొన్ని వందలకే దొరుకుతోంది. చవకది కొంటే పిల్లలకు హాని ఉంటుందా అన్నది వారి సందేహం.

చవక కనుక హాని అనీ, ఖరీదు కనుక క్షేమం అనీ అనుకోకండి. మీరు చూడవలసినవి మూడే. ముక్క ఎంత చిన్నది? అందులో వెలిగే దీపం ఉందా? మీ ఇంట్లో పాకే బిడ్డగాని, తప్పటడుగులు వేసే బిడ్డగాని ఉన్నారా? ధర సంగతి ఆ తర్వాత.

బుల్లి కొట్టు మనకేమీ కొత్త కాదు. బొమ్మల కొలువులో పప్పులు, బియ్యం పోసుకుని కూర్చునే శెట్టిగారినీ శెట్టెమ్మనూ ఎరగని ఇల్లు ఉండదు. లక్కపిడతలతో వంటలు వండి, ఆకులు కాసులుగా బేరమాడని బాల్యమూ ఉండదు. కొట్టు ఆట పిల్లలకు లెక్కలు నేర్పుతుంది, మాటలు నేర్పుతుంది. ముక్కలు పట్టుకుని సరిగ్గా చోటు చూసి నొక్కడం వేళ్లకూ కళ్లకూ మంచి వ్యాయామం. అందుకే వద్దని చెప్పడం లేదు. చూసి కొనమంటున్నాను.

నకలా, నకిలీయా?

ఈ ఇటుకను ఇప్పుడున్న రూపంలో డెన్మార్క్ దేశపు లెగో కంపెనీ 1958లో పేటెంటు చేసింది. ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ముక్క ఆకారం మీద ఆ కంపెనీకి ట్రేడ్‌మార్కు హక్కు లేదని 2005లో కెనడా సుప్రీంకోర్టు, 2010లో ఐరోపా న్యాయస్థానం తీర్పులిచ్చాయి. కాబట్టి వేరే కంపెనీ సొంత పేరు పెట్టుకుని, సొంతంగా కొట్టు బొమ్మ గీసుకుని ఇటుకలు చేస్తే అది దొంగ సరుకు కాదు. చైనాలో షాంటౌ నగరపు చెంగ్‌హాయ్ ప్రాంతమంతా బొమ్మల కార్ఖానాలే. ఇలాంటి సెట్లు చాలావరకు అక్కడివే. కంపెనీ పేరు, చిరునామా ఏమీ లేకుండా, పేరున్న కంపెనీ డబ్బాను మక్కికి మక్కి దింపిన సరుకు వేరు. దాని జోలికి వెళ్లకండి. తన పేరు చెప్పుకోవడానికే జంకేవాడు ప్లాస్టిక్‌లో ఏం కలిపాడో చెబుతాడా?

ముక్క సైజు కనుక్కోండి

చవక సెట్లలో రెండు జాతులున్నాయి. డబ్బా మీద బొమ్మ చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి జాతి, మామూలు ఇటుక. బుడిపెకూ బుడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు. పేరున్న కంపెనీ ముక్కలతో కలిసిపోతుంది. రెండో జాతి, సూక్ష్మ ఇటుక. జపానులో 2008లో వచ్చిన నానోబ్లాక్‌లో అతి చిన్న ముక్క 4 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. ఎత్తు. దాదాపు కందిపప్పు బద్దంత. తర్వాత ఇతరులు కూడా ఇలాంటి చిన్న ముక్కలతో దుకాణాలు తెచ్చారు. అదే డబ్బుకు ఎక్కువ ముక్కలు వస్తున్నాయని చాలామంది సంబరపడేది ఇక్కడే. ముక్కల సంఖ్య పెద్దదిగా ఉండి, కట్టిన కొట్టు చిన్నదిగా ఉందంటే అవి సూక్ష్మ ఇటుకలేనని గ్రహించండి.

మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్క అంటే ఏమిటో తేల్చడానికి పరీక్షశాలల్లో ఒక గొట్టం వాడతారు. దాని అడ్డుకొలత 31.7 మి.మీ. అందులో పూర్తిగా ఇమిడేది ఏదైనా ఆ వయసు పిల్లలకు ప్రమాదమే. మన పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మి.మీ. దాని వెనక దాక్కునే ముక్క ఏదైనా పసిపిల్లకు అందకూడదని గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ లెక్కన మామూలు ఇటుకల్లో చాలా భాగం, సూక్ష్మ ఇటుకలు మొత్తం ప్రమాదపు జాబితాలోనే ఉంటాయి. ఖరీదైన కంపెనీదైనా అంతే. ఆ కంపెనీ చిన్నపిల్లల కోసం 1969లో ప్రతి వైపూ రెండింతలున్న ఇటుకలు వేరుగా తెచ్చింది అందుకే. మూడేళ్లలోపు బిడ్డకు కొనాలనుకుంటే అలాంటి పెద్ద ఇటుకలే కొనండి. వాటిలోనూ కొట్లు కట్టుకోవచ్చు.

చవకదనం ఎక్కడ బయటపడుతుంది?

మంచి సెట్టులో ముక్క నొక్కితే టిక్కున కూర్చుంటుంది, లాగితే వస్తుంది. చవకవాటిలో కొన్ని వదులు, కొన్ని బిగువు. రెండూ ఆరోగ్యానికి సంబంధించిన సంగతులే.

వదులైతే, కొట్టును కదిపినప్పుడల్లా పళ్లబుట్టలోంచి బత్తాయి, బల్ల మీది కప్పు, పైకప్పు పెంకు రాలిపోతుంటాయి. పెద్దపిల్లకు రాలినట్టే తెలియదు. నేల మీద పాకే తమ్ముడికి మాత్రం మొదట కనిపించేది అదే. వాడు దాన్ని తీసి ఎక్కడ పెడతాడో మీకు తెలుసు.

బిగువైతే, పిల్లలు పళ్లతో ఊడదీస్తారు. ఇది వద్దని ఎంత చెప్పినా చేస్తారు. పాలపళ్ల అంచులు విరుగుతాయి. ఊడిన ముక్క తిన్నగా గొంతులోకి జారుతుంది. ముక్కలు ఊడదీయడానికి చిన్న ప్లాస్టిక్ పలక ఒకటి వస్తుంది. సెట్టులో అది ఉందో లేదో చూడండి. లేకపోతే విడిగా కొనండి. ఖరీదు పెద్దగా ఉండదు.

అంచుల్లో పోత తాలూకు పొట్టు మిగిలి గరుకుగా ఉంటే వేళ్లు గీరుకుంటాయి. డబ్బా విప్పగానే ఘాటైన వాసన కొట్టి, గాలికి పెట్టినా రెండు రోజుల్లో పోకపోతే తిరిగి ఇచ్చేయండి. పై రంగు గోటికి లేస్తే అసలు ఉంచుకోకండి. రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంట్లో చూసి అది ఉందో లేదో చెప్పలేం. అందుకే ముద్ర చూడాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. దిగుమతి సరుకుకూ ఇదే నియమం. ఇక్కడో కిటుకుంది. కొన్ని డబ్బాల మీద 14 ఏళ్లు దాటినవారికి అని అచ్చు వేసి ఉంటుంది. అది పిల్లల ఆటవస్తువు కాదన్నమాట. కాబట్టి పిల్లలకు జరిపే పరీక్షలు దానికి జరిగాయని అనుకోవడానికి వీల్లేదు. బేరం బాగుందని అలాంటిది ఏడేళ్ల పిల్లకు కొనకండి. అలాగే పసివాడి ముఖం మీద అడ్డగీత, పక్కన 0-3 అని గుండ్రటి గుర్తు ఉంటే, మూడేళ్లలోపు వారికి ఇవ్వకూడదని అర్థం.

దీపాల కొట్టు

సాయంత్రం దుకాణంలో దీపం వెలిగితే ముచ్చటగానే ఉంటుంది. కాని నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. ఈ దీపాల్లో కొన్ని బిళ్ల బ్యాటరీతో వెలుగుతాయి. వాటిలో 20 మి.మీ. లిథియం బిళ్ల దాదాపు రూపాయి బిళ్లంత ఉంటుంది. బిడ్డ మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగలగానే దాని చుట్టూ కరెంటు పారి, బట్టల సోడాలాంటి క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక గోడ తీవ్రంగా కాలిపోవచ్చు. దీపం వెలగనంత అరిగిన బ్యాటరీ కూడా ఈ పని చేయగలదు. కాబట్టి పాతదే కదా అని బల్ల మీద పడేయకండి.

బ్యాటరీ పెట్టె మూత మరతో బిగించి ఉండాలి. గోటితో తెరుచుకునేదైతే ఆ సెట్టు మీ ఇంటికి వద్దు. ఇంట్లో ఉన్నదైతే బ్యాటరీ తీసేసి, కొట్టును చీకట్లోనే ఉంచండి.

బిడ్డ బ్యాటరీ మింగాడని అనుమానం వచ్చినా చాలు, బయలుదేరండి. చొంగ కారడం, తిండి మింగలేకపోవడం, దగ్గు, గుండెల్లో నొప్పి ఉండవచ్చు. ఏ లక్షణమూ లేకపోవచ్చు. వాంతి చేయించకండి. అన్నం, నీళ్లు పెట్టకండి. ఏడాది నిండిన బిడ్డ అయితే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగగలుగుతుంటే, పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చు. అది కాలడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. దానికోసం ఇంట్లో ఆగకండి, దారిలో పట్టండి. ఏడాది నిండనివారికి తేనె ఇవ్వకూడదు. ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లండి. బ్యాటరీ మింగి ఉండవచ్చునని మొదటి మాటగా చెప్పండి. లేకపోతే ఎక్స్‌రేలో రూపాయి బిళ్లే అనుకునే ప్రమాదముంది.

ముక్క గొంతుకు అడ్డుపడితే

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. వీపు మీద చరచకండి, నోట్లో వేలు పెట్టి కెలకకండి. వేలితో ముక్క ఇంకా లోపలికి పోతుంది.

దగ్గు రాక, గొంతు పెగలక, ముఖం నీలంగా మారుతుంటే ఒకరు 108కి ఫోను చేయాలి. రెండోవారు బిడ్డను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే, ఏడాది దాటిన బిడ్డ అయితే, వెనక నిలబడి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. తల దిగువగా మీ చేతి మీద బోర్లా పడుకోబెట్టి ఐదు చరుపులు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కులు. ముక్క వచ్చేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కడం, నోటితో ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు. మీ ఊళ్లో ప్రథమచికిత్స శిక్షణ ఇచ్చేచోట ఒక పూట కూర్చుని చేతులతో నేర్చుకోండి.

ఇంకో రకం ఉంది, అది మోసం చేస్తుంది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గి, కాసేపటికి మామూలైపోతాడు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. చిన్న ముక్క ఊపిరితిత్తుల గొట్టంలోకి దిగి కూర్చుని ఉంటుంది. వారాల తరబడి దగ్గు, పిల్లికూతలు, జ్వరం. ఉబ్బసమనో, నిమోనియా అనో మందులు నడుస్తుంటాయి. ప్లాస్టిక్ ముక్క మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. ఆ రోజు ఉక్కిరిబిక్కిరైన సంగతి మీరు చెబితేనే వైద్యునికి దారి దొరుకుతుంది. అలాంటి ముక్కే మరొకటి కాగితంలో చుట్టి తీసుకువెళ్లండి.

ముక్కులో దూర్చుకుంటే? ఒక వైపు నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే అదేనని అనుమానించాలి. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి తీయబోకండి. తల్లి బిడ్డ నోటి మీద నోరు ఆనించి, రెండో ముక్కు మూసి, ఒక్కసారి ఫూమని ఊదితే చాలాసార్లు ముక్క బయటికి వస్తుంది. 1965 నుంచి వైద్యగ్రంథాల్లో ఉన్న పద్ధతే ఇది. రాకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరికి వెళ్లండి. ముక్కులోగాని చెవిలోగాని దూరింది బ్యాటరీ అయితే ఇవేమీ లేవు, వెంటనే ఆసుపత్రికే.

ప్లాస్టిక్ ఇటుక మింగి, అది కడుపులోకి వెళ్లిపోయి, బిడ్డ హాయిగా తిని ఆడుకుంటుంటే కంగారు పడకండి. చాలావరకు దానంతటదే పోతుంది. పిల్లల వైద్యరంగంలో పనిచేసే ఆరుగురు ఈ సంగతి తేల్చడానికి లెగో బొమ్మ తలకాయ తలా ఒకటి మింగి ఎదురుచూశారు. సగటున 1.71 రోజుల్లో బయటికి వచ్చినట్టు 2018లో ప్రకటించారు. ఒకరిది మాత్రం ఎంత వెదికినా కనిపించలేదట! వాళ్లు పెద్దవాళ్లు, తెలిసి చేశారు. మీరు బిడ్డకు ఆముదం పట్టవద్దు, విరేచనాల మందులు వేయవద్దు. వాంతులు, కడుపునొప్పి, మలంలో రక్తం కనిపిస్తే మాత్రం చూపించండి.

ఎవరికి ఏది?

ఇంట్లో చిన్నవాళ్లు లేక, మీ పిల్లకు ఆరేడేళ్లు నిండితే, ఐఎస్ఐ ముద్ర ఉన్న మామూలు ఇటుకల చవక సెట్టు నిశ్చింతగా కొనండి. ముక్కలు అంకెలు వేసిన సంచుల్లో విడివిడిగా ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఒక్కో సంచే విప్పుకుంటారు, నేలంతా పరుచుకోదు. సూక్ష్మ ఇటుకలు హైస్కూలు పిల్లలకు, పెద్దలకు. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే అవి రెండు మూడేళ్లు ఆగనివ్వండి. పెద్దపిల్ల అలిగితే మామూలు ఇటుకల కొట్టు కొనిపెట్టండి. చిన్నవాడు నిద్రపోయే వేళ, గది తలుపు వేసి, మంచం మీదో ఎత్తు బల్ల మీదో కట్టుకోమనండి.

కింద లేతరంగు దుప్పటి పరిచి ఆడించండి. ఆట అయ్యాక నాలుగు కొసలూ ఎత్తితే ముక్కలన్నీ మధ్యకు చేరతాయి. తర్వాత మీరు కూడా ఒకసారి నేల మీద వంగి, పసివాడి కళ్ల ఎత్తు నుంచి మంచం కిందా బీరువా కిందా చూడండి. కట్టిన కొట్టును టీవీ బల్ల మీద పెట్టకండి, అద్దాల బీరువాలో పై అరలో పెట్టండి. దుమ్ము పడితే గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి కడిగి నీడన ఆరబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే ముక్కలు వంకరపోతాయి, మళ్లీ బిగవవు.