పిండానికి గౌరవం చాలు, పసిబిడ్డ హోదా వద్దు

శీతలీకరించి దాచిన పిండం కూడా పసిబిడ్డేనని 2024 ఫిబ్రవరి 16న అమెరికాలోని అలబామా రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. వ్యాజ్యం మొబైల్ నగరానిది. 2020 డిసెంబరులో అక్కడి ఆసుపత్రిలో ఒక రోగి పిండాలు దాచే గదిలోకి వెళ్లి, వాటిని చేత్తో బయటికి తీశాడు. ఆ అతిశీతలానికి చెయ్యి చురుక్కుమనేసరికి కింద పడేశాడు. మూడు జంటల పిండాలు నాశనమయ్యాయి. మైనర్ల మరణానికి పరిహారం ఇప్పించే 1872 నాటి చట్టం వీటికీ వర్తిస్తుందని కోర్టు అంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి టామ్ పార్కర్ ఏకీభవిస్తూ విడిగా రాసిన తీర్పులో బైబిలునే ఆసరా చేసుకున్నారు.

అండం ఫలదీకరణ చెందిన క్షణం నుంచే సంపూర్ణ మానవ హోదా ఉందన్నది ఈ వాదన సారం. వినడానికి ఉదాత్తంగా ఉంటుంది గానీ ఆచరణకు లొంగదు. తీర్పు రాగానే అక్కడి కొన్ని సంతాన సాఫల్య కేంద్రాలు ఐవీఎఫ్ చికిత్స ఆపేశాయి, జనం గగ్గోలు పెట్టారు. మార్చి 6 కల్లా అదే రాష్ట్రం హడావిడిగా ఇంకో చట్టం తెచ్చింది: ఐవీఎఫ్ సేవల్లో పిండం చెడిపోయినా, చనిపోయినా వైద్యుల మీద సివిల్ కేసూ ఉండదు, క్రిమినల్ కేసూ ఉండదు. పిండం నిజంగా బిడ్డే అయితే, బిడ్డల ప్రాణం తీసినా అడగబోమని ఏ శాసనసభైనా రాసిస్తుందా? తీర్పును ఎవరూ మనసారా నమ్మలేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

జీవశాస్త్రమూ ఈ వాదనకు సాయం రాదు. ఐదో రోజు పిండంలో వందా రెండొందల కణాలుంటాయి. పైపొర మాయ తయారీకి పోతుంది, శరీరమయ్యేది లోపలున్న కొద్దిపాటి కణాలే. సుమారు రెండు వారాల దాకా అది చీలి కవలలు కావచ్చు. ఒకరో ఇద్దరో ఇంకా తేలనిదాన్ని ఫలానా వ్యక్తి అని ఎలా అంటాం? బ్రిటన్‌లో తత్వవేత్త మేరీ వార్నాక్ నేతృత్వంలోని సంఘం 1984లో పిండ పరిశోధనకు 14 రోజుల హద్దు గీయడానికి ఇలాంటి ఆలోచనే ఆధారం. 1990లో అది చట్టమైంది.

‘రేపు మనిషి కాగలదు కదా’ అంటారు. మెడికల్ కాలేజీలో సీటొచ్చిందని మొదటి ఏడాది కుర్రాడి చేతికి ఆపరేషన్ కత్తి ఇవ్వం. పైగా గాజు పళ్లెంలోని పిండం తనంతట తాను ఏమీ కాలేదు. ఒక స్త్రీ ఒప్పుకుని తన గర్భంలో చోటిస్తేనే దానికి ఆ రేపు. ఆమె ఇష్టాన్ని పక్కకు నెట్టేసే ఈ సిద్ధాంతం భారాన్ని మాత్రం ఆమె ఒంటి మీదే మోపుతుంది. ప్రతి పిండమూ బిడ్డే అయితే అదనంగా తయారుచేసి దాచడానికి ఎవరు సాహసిస్తారు? ప్రయత్నం విఫలమైనప్పుడల్లా ఆమె మళ్లీ రోజుల తరబడి హార్మోను ఇంజెక్షన్లు పొడిపించుకోవాలి, మళ్లీ మత్తులో అండాలు తీయించుకోవాలి.

అలాగని పిండం పారేయదగ్గ చెత్తా కాదు, అంగడి సరుకూ కాదు. హైదరాబాద్, విజయవాడ సంతాన సాఫల్య కేంద్రాలకూ వర్తించే మన 2021 సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం పిండాల అమ్మకాన్ని నేరం చేసింది. నిల్వకు పదేళ్ల గడువు పెట్టింది. ఆ తర్వాత వాటిని నశించిపోనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకివ్వాలి. బిడ్డకైతే ఎవరూ గడువు పెట్టరు, సరుకుకైతే ఎవరూ సమ్మతి అడగరు. మన చట్టం ఆ రెంటికీ మధ్య నిలబడింది, నిలబడాల్సిన చోటూ అదే.

మొబైల్ జంటలకు జరిగింది చిన్న నష్టం కాదు. నిర్లక్ష్యం రుజువైతే గట్టి పరిహారం ఇప్పించాల్సిందే. అందుకు పిండాన్ని పసిబిడ్డను చేయనక్కర్లేదు. బిడ్డ కోసం ఇన్ని బాధలు పడ్డవాళ్ల ఆశను తుంచేయడమే తగినంత పెద్ద తప్పని చట్టం గుర్తిస్తే చాలు.