సింగరేణిలో రిటైర్మెంటు పొదుపు: తృప్తి ఎవరికి?

"మీ రిటైర్మెంటు పొదుపు సరైన దారిలో సాగుతోందా?" అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఏటా కుటుంబాల ఆర్థిక స్థితిపై జరిపే సర్వేలో ఇలాంటి ప్రశ్న ఉంటుంది. మన దగ్గర మ్యూచువల్ ఫండ్ ప్రకటనలు కూడా ఇదే అడుగుతాయి. పొదుపు తక్కువైతే అది మనిషి క్రమశిక్షణ లోపమే అన్న భావన వాటి వెనుక ఉంది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో ఈ ప్రశ్న వేస్తే, జవాబు మస్టర్‌ను బట్టి మారుతుంది. పేరు కంపెనీ మస్టర్‌లో ఉందా, కాంట్రాక్టరు మస్టర్‌లో ఉందా అన్నదే ఇక్కడ అసలు సంగతి.

పర్మినెంటు కార్మికుడి జీతంలో 12 శాతం బొగ్గు గనుల భవిష్యనిధికి (సీఎంపీఎఫ్) వెళ్తుంది. యాజమాన్యం అంతే కలుపుతుంది. పింఛను నిధికి 2017 నుంచి చెరో 7 శాతం జమవుతోంది. పైన గ్రాట్యుటీ ఉంది. దిగిపోయే రోజున చేతికొచ్చే మొత్తం చూస్తే తృప్తిగానే ఉంటుంది.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 1998 బొగ్గు గనుల పింఛను పథకం ప్రకారం పూర్తి సర్వీసు ఉన్నవారికి చివరి సగటు వేతనంలో 25 శాతం పింఛను. ఉద్యోగికి ఉన్నట్టు దానికి కరువు భత్యం లేదు. ఉదాహరణకు 2000 ప్రాంతంలో 7,000 రూపాయల సగటు వేతనంతో దిగిపోయిన మనిషికి వచ్చేది 1,750. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛనే 2019 నుంచి 2,016 రూపాయలు. ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తి, నెలనెలా వాటా కట్టిన మనిషి పింఛను దానికంటే తక్కువ. ఇతను పొదుపు చేయలేదని అనగలమా?

అందుకే సింగరేణి కుటుంబాలు కాగితం మీద లేని ఇంకో పింఛనును నమ్ముకున్నాయి. అది కొడుకు ఉద్యోగం. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాలు వచ్చాయి. ఇప్పుడు పిల్లలకు ఉద్యోగం రావాలంటే తండ్రి చనిపోయి ఉండాలి, లేదా మెడికల్ బోర్డు ముందు పనికిరానివాడుగా తేలాలి. ఒంట్లో జబ్బే ఆ ఇంటి పొదుపుగా మారిన పరిస్థితి ఇది.

కాంట్రాక్టు కార్మికులకు ఆ ఆశ కూడా లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఓపెన్‌కాస్ట్ మట్టి పని, స్వీపింగ్, సివిల్ పనులు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి. కంపెనీ నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ ఉంటుంది. కాంట్రాక్టరు పెట్టుకునే మనుషులకు అది వర్తించదు. చీపురు పట్టే పనిలో మాత్రం దళిత స్త్రీలు రిజర్వేషన్ లేకుండానే కనిపిస్తారు. అంటే పింఛను ఉన్న ఉద్యోగం తగ్గింది, కులం అంటగట్టిన పని మిగిలింది. టెండరు మారినప్పుడల్లా కాగితం మీద సర్వీసు మొదటికొస్తుంది. అలాంటప్పుడు గ్రాట్యుటీకి ఐదేళ్ల వరుస సర్వీసును రుజువు చేసుకోవడమే పెద్ద పోరాటం. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు హైపవర్ కమిటీ వేతనాల కోసం సమ్మెకు దిగారు. పీఎఫ్ వేతనంలో శాతం కాబట్టి వేతనం తక్కువైతే ముసలితనం కూడా పేదదే అవుతుంది.

ఈ హక్కుల చరిత్రలో మన నాయకులు ఉన్నారు. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేద్కర్ 1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతపు గనిలోకి దిగి చూశారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. 1948లో బొగ్గు గనుల భవిష్యనిధి చట్టం వచ్చినప్పుడు కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. ముసలితనపు భద్రత కార్మికుడికి హక్కుగా ఉండాలన్నదే ఆ చట్టం సారం.

కాబట్టి తృప్తి, అసంతృప్తి అనే మాటలను సొంత మనసు గోడుగా వదిలేయకూడదు. పింఛనును ధరలతో ముడిపెట్టాలి. కాంట్రాక్టరు మారినా సీఎంపీఎఫ్ ఖాతా, సర్వీసు తెగకుండా చూసే బాధ్యత సింగరేణి తీసుకోవాలి. కాంట్రాక్టు పనుల్లో ఎవరెవరు, ఏ పనిలో ఉన్నారో కులాలవారీగా లెక్కలు బయటపెట్టాలి. విద్యార్థి, కార్మిక సంఘాలు సమాచార హక్కు దరఖాస్తులతో ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.