పెద్దల దీపాలు - చిన్న ప్రాణులు

పిల్లలూ!

యూరపు పటం తీసి జర్మనీకి తూర్పు వైపు చూడండి. పోలండు దేశం కనిపిస్తుంది. అక్కడ నవంబరు వచ్చేసరికి చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుస్తాయి. సాయంకాలం నాలుగు దాటగానే పొద్దు కుంకుతుంది. అలాంటి చలి రోజుల్లో, నవంబరు 1వ తేదీన, దేశానికంతకూ సెలవు. దూరాన ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా సొంత ఊళ్లకు చేరుకుంటారు. తాతలూ మనుమలూ అందరూ కలిసి శ్మశానానికి బయలుదేరుతారు.

శ్మశానమనగానే ఉలిక్కిపడకండి. ఆ రోజున అది భయపడవలసిన చోటు కాదు. తమవాళ్ల సమాధులను కడిగి, రాలిన ఆకులు ఊడ్చి, చేమంతులు పెడతారు. గాలికి ఆరిపోకుండా గాజుబుడ్డిలో దీపం వెలిగిస్తారు. ఆ దీపాన్ని వాళ్ల భాషలో "జ్నిచ్" అంటారు. చీకటి పడేసరికి శ్మశానమంతా మన దీపావళినాటి వీధిలా వెలుగుతుంది. కాని టపాకాయల మోత ఉండదు. అందరూ మెల్లగా మాట్లాడుకుంటారు. మరునాడు, 2వ తేదీన, చనిపోయిన వారందరి కోసమూ ప్రార్థన చేస్తారు. ఆ రోజు పేరు "జదుష్కి".

ఈ శీర్షికలో మనం పురుగులను గురించీ, ఈగలను గురించీ చెప్పుకుంటాం గదా, ఈ పండుగ సంగతి ఎందుకు వచ్చిందంటారా? చెబుతాను, వినండి.

పూర్వం పోలండు పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. ఆ రాత్రి చనిపోయిన పెద్దలు తమ ఇళ్లకు వచ్చిపోతారట. వారికోసం బల్ల మీద రొట్టె పెట్టి ఉంచేవారు. బెంచీ మీద కూర్చునే ముందు ఉఫ్ మని ఊదేవారు. కంటికి కనిపించని ఆత్మ ఏదైనా అక్కడ ఉంటే, పక్కకు జరుగుతుందని! ఆత్మలు ఒక్కొక్కప్పుడు దీపపు పురుగు రూపంలోనో, ఈగ రూపంలోనో వస్తాయని కూడా చెప్పుకునేవారు. అలా అనుకున్నవారికి ఆ పురుగును కొట్టడానికి చెయ్యి ఎలా వస్తుంది?

మనకిది మరీ కొత్త సంగతి కాదు. తద్దినంనాడు పిండం పెట్టి, కాకి ముట్టేదాకా మన పెద్దలు ఎదురుచూడరూ?

పోలండువారి మహాకవి పేరు ఆడమ్ మిత్స్కేవిచ్ (1798-1855). పెద్దలను పిలిచి భోజనం పెట్టే పాత ఆచారాన్ని "జ్యాడీ" అనేవారు. తాతలు, పూర్వీకులు అని ఆ మాటకు అర్థం. ఆ పేరుతోనే ఆయన ఒక నాటకం రాశాడు. అందులో రెండు భాగాలు 1823లో అచ్చయినవి. వాటిలో ఒకదానిలో, జదుష్కి రాత్రి, ఒక పూర్వ శిష్యుడు తన గురువు ఇంటికి వస్తాడు. గురువు క్రైస్తవ మతాచార్యుడు. ఈ పాత ఆచారాలన్నీ మూఢనమ్మకాలని ఆయన అంటాడు. శిష్యుడు ఒప్పుకోడు. ఇంతలో మేజాలోంచి చప్పుడు వినిపిస్తుంది. అది కొయ్యను తొలిచే పురుగు. బతికి ఉన్నప్పుడు వడ్డీలు పిండినవాడొకడు ఇప్పుడిలా పురుగై, తనకోసం ప్రార్థించమని అడుగుతున్నాడంటాడు శిష్యుడు. తరువాత దీపం చుట్టూ తిరిగే పురుగులను చూపిస్తాడు. బతికిన రోజుల్లో జ్ఞానమనే వెలుగును ఆర్పినవాళ్లే ఇప్పుడిలా వెలుగు చుట్టూ తిరిగి బాధపడుతున్నారంటాడు.

గురుశిష్యులలో ఎవరి మాట నిజం? మూడు ప్రాణులను సాక్ష్యానికి పిలుద్దాం.

మొదటి సాక్షి, కొయ్యపురుగు. ఇది పిల్లదశలో ఏళ్ల తరబడి కొయ్యలోనే ఉండి, ఆ కొయ్యనే తింటుంది. ఈ పురుగుల్లో ఒక జాతి పెద్దదయ్యాక, తాను తొలిచిన సొరంగంలో నిలబడి తలతో గోడను టకటక కొడుతుంది. ఎందుకు? చీకటిలో జోడును పిలవడానికి. అవతలినుంచి మరొకటి టకటకమని బదులిస్తుంది. పగటి సందడిలో ఆ చప్పుడు ఎవరికీ వినిపించదు. మంచంపట్టిన రోగి పక్కన రాత్రంతా మేలుకొని కూర్చున్నవారికి మాత్రం స్పష్టంగా వినిపించేది. అందుకనే యూరపులో చాలామంది దానిని చావుకబురు తెచ్చే పురుగు అనుకున్నారు. పాపం, అది చెప్పేది పెళ్లికబురు!

రెండో సాక్షి, దీపపు పురుగు. ఇది సీతాకోకచిలుకకు చుట్టం. అంత చలిలో పురుగు ఎక్కడినుంచి వస్తుందని మీకు సందేహం కలగవచ్చు. పోలండులో సరిగ్గా ఆ రోజుల్లోనే తిరిగే జాతి ఒకటున్నది. దానిని "ప్షెద్జిమెక్" అంటారు. చలికాలానికి ముందు వచ్చేది అని ఆ పేరులోనే ఉన్నది. చలి సున్నా డిగ్రీలకు దగ్గరపడినా మగ పురుగు ఎగరగలదు. ఆడదానికి రెక్కలు మొండి ముక్కలే. అది ఎగరలేక చెట్టుమాను పట్టుకొని పైకి పాకి, అక్కడ గుడ్లు పెడుతుంది.

మరి పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయి? వెలుగు మీద ప్రేమతో అని కవులన్నారు. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులూ, వారి సహచరులూ ఇంకొక సంగతి ప్రకటించారు. అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాలతో వారు పురుగుల ఎగురుడును పరీక్షించారు. ఎగిరే పురుగు తన వీపును ఎప్పుడూ వెలుగు ఎక్కువగా ఉన్న వైపుకు తిప్పుకొని ఉంచుతుందట. రాత్రిపూట కూడా నేలకంటె ఆకాశమే కాస్త వెలుగుగా ఉంటుంది. వీపు వెలుగు వైపు ఉన్నదంటే తాను తలకిందులు కాలేదన్నమాట. కోట్ల ఏళ్లుగా ఈ లెక్క తప్పలేదు. మనిషి దీపం పెట్టాక తప్పింది. పురుగు వీపును దీపం వైపు వంచుతుంది, ఆ వంపువల్ల తిన్నగా పోలేక చుట్టూ తిరుగుతుంది. దీపానికి పైన ఎగిరితే వెల్లకిలా తిరిగి కింద పడుతుంది. అది దీపాన్ని వెతుక్కుంటూ వచ్చిన భక్తుడు కాదు, దారి తప్పిన బాటసారి.

మూడో సాక్షి, తేనెటీగ. మనం మనిషిని గురించి "చనిపోయాడు" అంటాం. పెద్దవారయితే "కాలం చేశారు" అంటాం. పురుగు సంగతి వచ్చేసరికి "చచ్చింది" అనేస్తాం. పోలండు భాషలోనూ ఇలాగే రెండు మాటలున్నాయి. మనిషికి "ఉమ్యెరాచ్", జంతువుకు "జ్దిహాచ్". కాని తేనెటీగకు మాత్రం మనిషికి వాడే మాట వాడడం అక్కడి తేనె పెంచేవారి మర్యాద. తేనెటీగ చావదు, చనిపోతుంది!

ఈ మర్యాదకు కారణముంది. అడవి చెట్ల మానుల్లో తొర్రలు చెక్కి, తేనెటీగలను సాకడం ఆ దేశంలో చాలా పాత విద్య. 2020లో యునెస్కో సంస్థ పోలండు, బెలారుస్ దేశాల ఈ విద్యను మానవజాతి వారసత్వాలలో చేర్చింది. సమాధుల మీద దీపాలలో ఇప్పుడు ఎక్కువగా పారఫిన్ వాడుతున్నారు. పూర్వం మంచి కొవ్వొత్తికి కావలసిన మైనం తేనెటీగ తన పొట్ట కిందనుంచి స్రవించి ఇవ్వవలసిందే. తేనెటీగల యజమాని చనిపోతే ఇంట్లోవారెవరైనా వెళ్లి, తేనెపెట్టెను మెల్లగా తట్టి, మీ యజమాని పోయాడని చెప్పే ఆచారమొకటి ఉండేది. చెప్పకపోతే ఈగలు కూడా చనిపోతాయని భయం.

తేనెటీగలకు మన మాటలు అర్థం కావు. తట్టినప్పటి అదురు మాత్రమే వాటికి కాళ్లద్వారా తెలుస్తుంది. అయితే ఆ ఆచారంలో ఒక ప్రయోజనమున్నది. ఏడుపులమధ్య ఎవరో ఒకరు తేనెపెట్టెల దగ్గరకు నడిచి వెళ్లారు. పోయినవాడు సాకిన ప్రాణులను ఇకమీద చూసుకోవలసినది ఎవరో ఆనాడే తేలిపోయింది.

ముగ్గురు సాక్షుల మాటా విన్నాం. పురుగులో ఆత్మ లేదన్న గురువు మాటే నిలిచింది. ఇప్పుడు మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఆత్మ కాదని తేలింది గదా, మరి కొట్టేస్తే తప్పేమిటి?"

మంచి ప్రశ్న. తెలియని రోజుల్లో నమ్మకం మన చేతిని ఆపింది. తెలిసిన తరువాత ఆ చెయ్యి లేస్తే, మన చదువు ఎందుకు? తెలిసినది ఏమిటి? ఆ పురుగు మన దీపంవల్లనే దారి తప్పిందని. తప్పు చేసినది మనం. దెబ్బ తినేది అదా? దీపం ఆర్పితే దాని దారిన అది పోతుంది. శిష్యుడు పురుగును ఆత్మ అనుకోవడం పొరపాటే కావచ్చు. కాని మేజాలోని చిన్న చప్పుడుకు చెవి ఒగ్గినవాడు అతడే. ఆ గుణం మాత్రం మనం వదులుకోరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో పెద్దవారు పోయిన తరువాత, వాలిన సీతాకోకచిలుకను చూసి పిల్లవాడు "నాయనమ్మ వచ్చింది" అంటే కసరకండి, నవ్వకండి. "నాయనమ్మ గుర్తుకొచ్చిందా?" అని దగ్గరకు తీసుకోండి. సీతాకోకచిలుక సంగతి తరువాత చెప్పవచ్చు. పిల్లవాడు అప్పుడు మాట్లాడేది పురుగును గురించి కాదు.

పిల్లలూ, ఈ నెల ఒక పని చెయ్యండి. రాత్రి వసారాలో విద్యుద్దీపం దగ్గర నిలబడి, ఎగిరే పురుగులను పావుగంట చూడండి. వాటి వీపు దీపం వైపు ఉన్నదా, పొట్ట ఉన్నదా? ఎన్ని తిన్నగా పోయాయి, ఎన్ని చుట్టూ తిరిగాయి? నోటుబుక్కులో రాసుకోండి. చూడడం అయిపోగానే దీపం ఆర్పడం మరచిపోకండి. పది నిమిషాల తరువాత వెళ్లి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.