ఆరోగ్యము – వ్యాయామము: ఏబది దాటిన పిదప దూరపు సైకిలు ప్రయాణము

సైకిలు మన యిండ్లకు క్రొత్త వస్తువు కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో బడికి పోవు బాలికలు దానిని తొక్కుచునే యున్నారు. పెండ్లియైన పిదప ఆ సైకిలు తమ్ముని పాలో, కొట్టుగది పాలో యగుచున్నది. పిల్లలు పెద్దవారై యెవరి దారిని వారు పోయి, మోకాళ్లు బిగిసి, వైద్యుడు “కొంచెము కదలుచుండుడు” అనినప్పుడు మరల అది జ్ఞప్తికి వచ్చును. ఊరిచుట్టు తిరిగివచ్చుట యటుంచి, ఒక్క దినములో 200 కిలోమీటర్లు పోవలెనని ఏబదియైదేండ్ల గృహిణి యనినచో ఇంటివారు నవ్వుదురు. నవ్వవలసిన పని లేదని ఈ మాసము మేము చెప్పదలచితిమి. దానికి కండబలముకంటె ఓర్పు ముఖ్యము; ఓర్పుకంటెను ముఖ్యము, ఉదయమున ఆమెకు దక్కవలసిన రెండు గంటల కాలము.

ఈ దూరప్రయాణములు పందెములు కావు. 1897లో ఇటలీ దేశమున కొందరు సైకిలువారు రోమునుండి నేపుల్సు పట్టణమునకు ఒక్క పగటిలో పోయిరి. ఆ సాహసమునుండియే “ఆడాక్స్” అను పేరు పుట్టినది. లాటిను భాషలో దానికి ధైర్యశాలి యని యర్థము. నేడు పారిసు నగరములోని ఆడాక్స్ సంఘమువారి నియమముల ననుసరించి అనేక దేశములలో ఇట్టి ప్రయాణములు జరుగుచున్నవి. మన హైదరాబాదులోను వీనిని నడపు సంఘమున్నది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. స్త్రీలకు, పురుషులకు, పడుచువారికి, పెద్దవారికి గడువొక్కటే. ముందు వచ్చినవారికి బహుమతి లేదు, వెనుక వచ్చినవారికి చిన్నతనము లేదు. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున తొక్కినచో 200 కిలోమీటర్లకు 11 గంటల పైచిలుకు పట్టును. భోజనమునకు, విశ్రాంతికి రెండు గంటలకు మించి మిగులును. కావున ఇది వేగముగలవారి పని కాదు, నిలుకడగలవారి పని.

వయస్సు మీరిన దేహము శిక్షణకు లొంగునా యని సందేహింపవచ్చును. ఫ్రాన్సు దేశీయుడు రోబేర్ మార్షాన్ అను వృద్ధుడు 2012లో, నూరేండ్ల ప్రాయమున, ఒక గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కెను. పిదప శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో రెండేండ్లు సాధన చేసి, 2014లో, 102 ఏండ్ల ప్రాయమున, అదే గంటలో 26.92 కిలోమీటర్లు పోయెను. ఆయన సాధనలో అయిదు పాళ్లలో నాలుగు పాళ్లు తేలికగా తొక్కుటయే. ఒక్క పాలు మాత్రమే శ్రమతో కూడినది. ఈ లెక్క మనకు మిక్కిలి ఉపయోగకరము. తొక్కుచు ప్రక్కవారితో మాటలాడగలిగినచో అది తేలిక. రెండు మాటలకే ఆయాసము వచ్చినచో అది శ్రమ.

మన ప్రాంతపు టెండలకు విజయదశమి మొదలు మహాశివరాత్రి వరకు గల సుమారు ఇరువది వారములు సాధనకు తగిన కాలము. వారమునకు నాలుగు దినములు చాలును. రెండు దినములు గంటసేపు తేలికగాను, ఒక దినము నడుమ నడుమ కొన్ని నిమిషములు శ్రమతోను తొక్కి, ఆదివారమున దూరము పోవలెను. మొదటి వారములలో కాకతీయులనాటి పిల్లలమర్రి దేవాలయములదాక పోయివచ్చుట అలవాటు చేసికొని, ఆదివారపు దూరమును 25 కిలోమీటర్లతో ఆరంభింపవచ్చును. మూడు వారములు ఎనిమిదేసి కిలోమీటర్లు పెంచి, నాలుగవ వారము తగ్గించి దేహమునకు విశ్రాంతి నీయవలెను. ఇట్లు చేసినచో మూడవ నెల ముగియునప్పటికి సూర్యాపేటనుండి కోదాడకు పోయి తిరిగివచ్చు సుమారు 90 కిలోమీటర్లు, శివరాత్రినాటికి 140 అందుబాటులోనికి వచ్చును. అంత దూరము సుఖముగా పోగలిగిన వారికి 200 అసాధ్యము కాదు.

కోదాడకు పోవునది హైదరాబాదు–విజయవాడ రహదారి. రాత్రింబవళ్లు లారీలు, బస్సులు పరుగెత్తు ఆ దారిమీద ఒంటరిగా, చీకటిలో సాధన చేయుట తగదు. సాగరు ఎడమకాలువ క్రింది పల్లెబాటలు మేలు. అయినను కోతల కాలమున బాటలమీద వడ్లు ఆరబోయుదురు. వానిపై చక్రము జారును గనుక దిగి నడుచుట మంచిది. తలకు హెల్మెటు, వెనుక ఎర్రదీపము, దూరమునకు మెరయు చొక్కా తప్పనిసరి. చీరచెరగు, చున్నీ గొలుసులో చిక్కుకొనును. కావున బిగువుగా కట్టుకొనవలెను. పెడలు క్రిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగియుండునట్లు సీటు ఎత్తును సరిచేయించుకొనవలెను. మోకాళ్ల నొప్పులు పెక్కింటికి సీటు పల్లముగా నుండుటయే కారణము.

తల్లులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. ముట్లుడిగిన పిదప ఎముకలు త్వరగా పలుచబడును. సైకిలు గుండెకు, కాళ్లకు బలమిచ్చునేగాని, దేహభారమును సీటు మోయుటవలన ఎముకల కంతగా తోడ్పడదు. కనుక వారమునకు రెండు దినములైనను వేగముగా నడచుట, మెట్లెక్కుట, బరువులెత్తుట చేయవలెను. నువ్వులు, రాగులు, పాలు, పెరుగు, పప్పులు మానరాదు. ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలినది తిను అలవాటుతో ఈ సాధన సాగదు.

దారిలో ఆకలియైన పిదప తినుట ఆలస్యమే. గంట గంటకు అరటిపండో, పల్లీపట్టియో, ఖర్జూరములో కొంచెము తినవలెను. మధ్యాహ్నమునకు పెరుగన్నము శ్రేష్ఠము. ఉప్పు కలిపిన మజ్జిగ, నిమ్మనీరు మేలు. వట్టి నీటినే అతిగా త్రాగుటయు కీడు. రక్తపుపోటు, చక్కెర వ్యాధి, గుండెజబ్బు గలవారు వైద్యుని అనుమతి లేనిదే ఆరంభింపరాదు. రొమ్ములో నొప్పి, కన్నులు తిరుగుట తోచినచో అప్పుడే ఆగి వైద్యుని కడకు పోవలెను.

ఇక అసలు మాట. సైకిలు కొనుటకు సొమ్ము దొరకవచ్చును. ఉదయమున అయిదునుండి ఏడు గంటలవరకు కాలము దొరకుట కష్టము. కాఫీ యెవరు పెట్టవలెను? మనుమని బడికి సద్ది యెవరు కట్టవలెను? ఈ ప్రశ్నలకు ఇంటిలో జవాబు కుదిరిననే సాధన సాగును. భర్త పొయ్యి వెలిగించుట, కోడలును కొడుకును పని పంచుకొనుట గొప్ప త్యాగములు కావు. ముప్పది యేండ్లు తెల్లవారుజామున అందరికంటె ముందు లేచిన యిల్లాలికి, వారమునకు నాలుగు దినములు రెండేసి గంటలు ఋణము తీర్చుట మాత్రమే. ఆమె సైతము అడుగుటకు సిగ్గుపడరాదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనమే గదా పిల్లలకు చెప్పుచుందుము!

ఈ విజయదశమికి కొట్టుగదిలోని సైకిలును బయటకు తీసి, గాలి కొట్టించి, గొలుసునకు నూనె వేయింపుడు. 200 కిలోమీటర్ల మాట శివరాత్రికి చూచుకొందము. ముందు పిల్లలమర్రిదాక పోయి రండు.