రూ.35 కోట్ల ‘నెల్లూరు’ ఆవు.. అసలు ఆస్తి మాత్రం మన దొడ్డిలోనే!

బ్రెజిల్ ఆవు వియాటినా-19 గుర్తుందా? 2023 వేలంలో మూడో వంతు వాటా అమ్మితే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ సుమారు రూ.35 కోట్లని తేలింది. జాతి పేరు ‘నెలోర్’. అంటే మన నెల్లూరే! మూలం మాత్రం ఒంగోలు జాతి. ఒకప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే.

ఇక్కడే ఓ చిక్కుంది. 1960ల్లో ఇక్కడి నుంచి వెళ్లిన ‘కర్వాది’ లాంటి కొద్ది ఎద్దుల రక్తమే అక్కడి మందల్లో ఎక్కువ. జూలో ఏనుగులకైనా, దొడ్డిలో ఆవులకైనా రూల్ ఒక్కటే.. దగ్గరి రక్తమే కలుస్తూ పోతే చూలు నిలవడం తగ్గుతుంది, దూడలు బలహీనపడతాయి.

కొత్త రక్తం కావాలంటే సొంతగడ్డే దిక్కు. కానీ ట్రాక్టర్లు, సంకరజాతి ఆవులు వచ్చాక ఇక్కడ ఒంగోలు పశువులే తగ్గిపోయాయి. అందుకే రైతులూ.. సూది వేయించేటప్పుడు ఏ ఎద్దు వీర్యమో రాసి పెట్టుకోండి. తల్లికి వాడిన ఎద్దునే దాని పెయ్యకూ వాడొద్దు!